మార్చిలో వెళ్లిన బడి, జూన్‌లో తెరిచే బడి

ప్రశ్న: మాది ఉప్పల్. మా బాబుకు ఎనిమిదేళ్లు. మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతాడు, మనం చెప్పింది చాలావరకు అర్థం చేసుకుంటాడు. ఇంటి దగ్గర ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పూర్తయింది. పోయిన జూన్‌లో బడి తెరిచాక మూడు వారాలు నరకం చూశాం. గేటు కనిపిస్తే చాలు వాంతి, ఏడుపు, చెయ్యి కొరుక్కోవడం. స్కూల్ వాళ్లేమో "ఒక నెల ఆగి తీసుకురండి" అన్నారు. తర్వాత మెల్లగా సర్దుకున్నాడు. ఈ మార్చిలో అయితే నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చేవాడు. ఇప్పుడు సూర్యాపేట దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాం. రాత్రి పన్నెండు దాటితేగానీ పడుకోడు, పొద్దున పదికి లేస్తాడు. "స్కూల్" అనగానే చెవులు మూసుకుంటున్నాడు. మావారు "నాలుగు రోజులు గట్టిగా పంపితే అదే అలవాటవుతుంది" అంటారు. అత్తమ్మ "ఈ ఏడు ఇంట్లనే ఉంచు, పిల్లగాణ్ని ఎందుకు ఏడిపిస్తవ్" అంటుంది. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. ఇంకా మూడు వారాలుంది. ఏం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "ఈ మార్చిలో నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చేవాడు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మార్చి సగం నుంచి మన దగ్గర ఒంటిపూట బడులు కదా. పొద్దున ఎనిమిదికి వెళ్తే పన్నెండున్నరకు వదిలేస్తారు. అప్పటికి పాఠాలు దాదాపు అయిపోయి ఉంటాయి. ఏడాదంతా చూసిన టీచర్, ఏడాదంతా కూర్చున్న బెంచీ, పక్కన తెలిసిన పిల్లలు. అన్నం ఇంటికొచ్చి తినడమే. మీ బాబు మనసులో స్కూల్ అంటే ఇప్పుడు అదే.

జూన్ 12న మీరు తీసుకెళ్లేది అక్కడికి కాదు. సాయంత్రం నాలుగింటి దాకా ఉండే బడికి. కొత్త తరగతి, కొత్త గది, కొత్త టీచర్, కొత్త యూనిఫాం, అట్టలేసిన కొత్త పుస్తకాల వాసన, మధ్యాహ్నం అందరి డబ్బాలు ఒకేసారి తెరిచే గదిలో భోజనం, బయట వాన. మామూలు పిల్లలు ఈ మార్పులన్నీ రెండు రోజుల్లో మింగేస్తారు. ఆటిజం ఉన్న పిల్లలకు రేపు ఏం జరుగుతుందో ముందే తెలియడం చాలా ముఖ్యం. తెలిసిన చోటికి తీసుకెళ్తున్నామని చెప్పి తెలియని చోట దింపితే ఒంట్లో భయం పుడుతుంది. ఆ భయమే పోయినేడు గేటు దగ్గర వాంతి అయింది. కాబట్టి ఈ మూడు వారాల పనల్లా ఒకటే. జూన్ బడి ఎలా ఉంటుందో బాబుకు ముందే ముక్కలు ముక్కలుగా పరిచయం చెయ్యాలి.

మీవారికి నేను చెప్పేది ఇది. రోజూ పంపాలన్న మాట సరైనదే, గట్టిగా పంపాలన్నదే సరైంది కాదు. ఏడుస్తున్న పిల్లవాణ్ని ఎత్తుకెళ్లి లోపల వదిలేస్తే నాలుగైదు రోజుల్లో ఏడుపు ఆగిపోవచ్చు. ఆగింది అలవాటై కాకపోవచ్చు, అలసిపోయి కావచ్చు. ఆ అలసట రాత్రి నిద్రలోనూ, తిండిలోనూ, మీ మీద కొట్టే దెబ్బల్లోనూ బయటికొస్తుంది. ఇక అత్తమ్మగారి ప్రేమ నాకు అర్థమవుతోంది. కానీ ఏడాది ఇంట్లో ఉంచితే వచ్చే జూన్‌కు ఆ గేటు ఇంకా దూరమవుతుంది, తెలిసిన పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారు. వద్దమ్మా. ఇంట్లో ఉంచకండి.

ముందుగా ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. వాంతి భయంతో వచ్చిందే కావచ్చు. కానీ మలబద్ధకం, పన్ను నొప్పి, చెవి నొప్పి ఉన్నా ఈ పిల్లలు నోటితో చెప్పలేరు, చెయ్యి కొరుక్కుని చెబుతారు. బాబుకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే నిద్ర సంగతి, మందుల వేళ మారే సంగతి కూడా డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడండి. నిద్ర తక్కువైతే ఫిట్స్ ఉన్న పిల్లలకు ఇబ్బంది పెరుగుతుంది.

ఇప్పుడు నిద్ర. అమ్మమ్మ మృగశిర కార్తెకు చేపలు తినిపోండి అంటుంది, నాకు తెలుసు. జూన్ 8 దాకా ఆగకండి. జూన్ మొదటి తారీకుకల్లా ఉప్పల్ ఇంటికొచ్చేయండి. అయితే నిద్ర మార్చే పని ఊళ్లోనే, ఈ రోజు నుంచే మొదలవ్వాలి. తొందరగా పడుకోబెట్టడంతో మొదలుపెడితే మీరిద్దరూ చీకట్లో యుద్ధం చేస్తారు. లేపడంతో మొదలుపెట్టండి. పది గంటలకు లేచే పిల్లవాణ్ని రెండు రోజులు తొమ్మిదీ నలభైకి, ఇంకో రెండు రోజులు తొమ్మిదీ ఇరవైకి, అలా వెనక్కి తెండి. లేపగానే వెలుతురులోకి, వాకిట్లోకి తీసుకెళ్లండి. పగటి నిద్ర పడనివ్వకండి. పడుకునే ముందు గంట ఫోన్, టీవీ ఉండకూడదు. ఫోన్ గురించి ఇంతకంటే రాయను, మీకు తెలిసిందే.

ఒక చిన్న విషయం మాత్రం చాలామందికి తట్టదు. ఎండాకాలమంతా పిల్లలు కూలర్ హోరులో పడుకుంటారు. తొలకరి పడి చల్లబడగానే మనం కూలర్ ఆపేస్తాం. ఆ హోరు లేకపోతే పక్కింటి కుక్క, వీధిలో బండి, మెట్ల మీద అడుగుల చప్పుడు అన్నీ వినిపిస్తాయి. సరిగ్గా బడి తెరిచే వారంలోనే నిద్ర చెడుతుంది, మనం బడి టెన్షన్ అనుకుంటాం. అందుకే జూన్ మొదటి వారం నుంచే కూలర్ వేగం తగ్గిస్తూ రండి. తర్వాత ఫ్యాన్ శబ్దంతో పడుకోవడం అలవాటు చెయ్యండి.

"స్కూల్" మాట వినగానే చెవులు మూసుకుంటున్నాడన్నారు. అయితే ఆ మాట కొన్నాళ్లు అనకండి. చుట్టాలు కూడా "స్కూల్ తెరుస్తున్నారుగా, రెడీయా?" అని అడగకుండా మీరే చెప్పాలి. మాట బదులు ఫోటోలు చూపించండి. మార్చిలో తీసినవి ఏవైనా ఉంటే, బాబు నవ్వుతున్నవి, ఆయమ్మవి, ఉయ్యాలవి, ప్రింట్ తీసి గోడకు అతికించండి. ఏమీ చెప్పకండి. రెండు రోజుల్లో తనే వెళ్లి చూస్తాడు. ఒకవేళ చింపేస్తే తిట్టకుండా తీసేసి, నాలుగు రోజులాగి ఒక్క ఉయ్యాల ఫోటోతో మళ్లీ మొదలుపెట్టండి. తేదీ ఎప్పుడు చెప్పాలన్నది పిల్లవాణ్ని బట్టి ఉంటుంది. నెల ముందే చెబితే కొందరు నెలంతా బెంగపడతారు. మీ బాబుకు ఒక వారం ముందు చాలనుకుంటాను. క్యాలెండర్‌లో 12 మీద స్కూల్ బొమ్మ అతికించి, రోజూ రాత్రి ఒక గడి కొట్టేయించండి. ఆదివారాల మీద ఇల్లు బొమ్మ కూడా వెయ్యండి. బడి ఉన్న రోజులు తెలియడం ఎంత ముఖ్యమో, లేని రోజులు తెలియడం అంతే ముఖ్యం.

అప్పుడే ఒక చిన్న పుస్తకం కుట్టండి. నాలుగు కాగితాలు చాలు, పేజీకి ఒక ఫోటో, కింద ఒక వాక్యం. థెరపీలో సోషల్ స్టోరీ అంటారు, మీ స్పీచ్ థెరపిస్టు చెప్పే ఉంటారు. నేనైతే మీ బాబుకు ఇలా రాస్తాను:

"నేను ఇప్పుడు మూడో తరగతి. నా కొత్త గది ఇది. టీచర్ వీరు. గేటు దగ్గర ఆయమ్మ ఉంటుంది. ఆయమ్మ చెయ్యి పట్టుకుని గదికి వెళ్తాను. ప్రేయర్‌లో మైకు గట్టిగా మోగుతుంది. అప్పుడు చెవులు మూసుకోవచ్చు. బాత్రూం వస్తే బాత్రూం బొమ్మ ఉన్న కార్డు చూపిస్తాను. ఇంటర్వెల్ గంట మోగాక అమ్మ వస్తుంది. ఇంటికి వెళ్తాం."

ఇందులో "నేను ఏడవను", "నేను మంచి అబ్బాయిని" లాంటివి పెట్టకండి. ఏడుపొస్తే పుస్తకం ముందే తప్పు పట్టినట్టవుతుంది. "కొత్త ఫ్రెండ్స్‌తో భలే సరదాగా ఉంటుంది" అనీ రాయకండి. అది మన చేతిలో లేదు. రాసిన ప్రతి మాటా ఆ రోజు నిజంగా జరగాలి. ముఖ్యంగా "ఇంటర్వెల్ గంట మోగాక అమ్మ వస్తుంది" అన్నది. మొదటి రోజులు అక్కడిదాకానే ఉంచాలి, ఆ సంగతి కింద చెబుతాను. ఆ రోజు మెట్రో ఆలస్యమైందన్నా, ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఉందన్నా బాబుకు చెప్పడం కుదరదు. అరగంట ముందే వెళ్లి గేటు బయట కూర్చోండి.

ఈ పుస్తకానికి ఫోటోలు కావాలంటే స్కూల్‌కి ముందే వెళ్లాలి కదా. చాలా బడుల్లో పిల్లల కంటే ముందు టీచర్లు వస్తారు. ఆ రోజుల్లో ప్రిన్సిపాల్ గారిని అడిగి, ఖాళీ బడిలోకి బాబును రెండుమూడుసార్లు తీసుకెళ్లండి. మొదటి రోజు గేటు దాకా వెళ్లి, మీ ఇద్దరూ ఒక ఐస్‌క్రీమ్ తిని వచ్చేసినా చాలు. రెండో రోజు గది చూడండి. ఏ బెంచీలో కూర్చోబెడతారో అడిగి అక్కడ కూర్చోనివ్వండి. అప్పుడు మీరు కళ్లు మూసుకుని ఒక నిమిషం వినండి. ఏం వినిపిస్తోంది? ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన ఆరేళ్ల పాప కొత్త తరగతి గడప దాటేది కాదు. టీచర్ నచ్చలేదేమో, పిల్లలు కొట్టారేమో అని రెండు వారాలు వెతికాం. చివరికి చూస్తే ఆ గది ఫ్యాన్ టక్ టక్ అంటూ తిరిగేది. మాకు ఆ చప్పుడు వినిపించేదే కాదు, పాపకు అది తప్ప ఇంకేం వినిపించేది కాదు. ఫ్యాన్ బాగు చేయించిన మర్నాడు లోపలికొచ్చి కూర్చుంది. ఆ రెండు వారాలు ఆ పాపను అనవసరంగా ఏడిపించామన్న బాధ నాకిప్పటికీ ఉంది. అందుకే గది చూడ్డానికి వెళ్లినప్పుడు ఫ్యాన్ వెయ్యమనండి, ట్యూబ్‌లైట్ వెయ్యమనండి, వీలైతే గంట కూడా ఒకసారి కొట్టమనండి.

బాత్రూం తప్పకుండా చూడండి. ఇంట్లో ఒక రకం, బడిలో ఇంకో రకం ఉంటుంది. వాసన, ఫ్లష్ చప్పుడు, తడి నేల తట్టుకోలేక సాయంత్రం దాకా మూత్రం ఆపుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటర్వెల్ రద్దీలో కాకుండా, గంట మోగడానికి అయిదు నిమిషాల ముందు ఆయమ్మ తీసుకెళ్లేలా అడగండి. ఒంటిపూట బడిలో ఈ అవసరం అంతగా పడి ఉండదు. భోజనమూ అంతే. బడి తెరిచేనాటికి మీ బాబు బడిలో అన్నం తిని దాదాపు మూడు నెలలవుతుంది. జూన్ మొదటి వారం నుంచి పన్నెండున్నరకు ఇంట్లోనే లంచ్ బాక్స్ తెరిచి తినిపించండి, కంచంలో వద్దు. బాక్స్‌లో ఇంట్లో ఇష్టంగా తినేదే పెట్టండి. పెరుగన్నమే రోజూ తింటానంటే రోజూ పెరుగన్నమే. పోషకాల సంగతి ఇంట్లో, సాయంత్రం చూసుకుందాం. బడిలో మొదటి నెల కడుపు నిండితే చాలు.

యూనిఫాం కొనడానికి జూన్ రెండో వారం రద్దీలో దుకాణానికి బాబును తీసుకెళ్లకండి. పాతది కొలతకు పట్టుకెళ్లండి. కొత్త బట్ట గరుకుగా, గంజి పెట్టినట్టు ఉంటుంది. నాలుగైదుసార్లు ఉతికి ఆరేయండి. మెడ వెనక లేబుల్ కత్తిరించేటప్పుడు కుట్టు ముక్క మిగలకుండా చూడండి, అది లేబుల్ కంటే ఎక్కువ గుచ్చుతుంది. పాత చొక్కా ఇంకా సరిపోతుంటే మొదటి వారం అదే వేసి పంపండి. టై, బెల్టు మొదటి పక్షం రోజులు వద్దని స్కూల్‌ను అడగండి. నెలన్నర చెప్పులతో, వట్టి కాళ్లతో తిరిగిన పిల్లవాడు కదా, బూట్లు ఇప్పటి నుంచే రోజూ పావుగంట వేసి ఇష్టమైన పని చేయించండి. రెయిన్‌కోటు కూడా ఎండ రోజునే వేసి చూడండి. దాని వాసన, సరసరమనే చప్పుడు నచ్చకపోతే గొడుగుతో సరిపెట్టుకోవచ్చు.

టీచర్ గారికి ఒక కాగితం ఇవ్వండి. ఒకే పేజీ. రిపోర్టులన్నీ ఫైలు కట్టి ఇస్తే నలభైమంది పిల్లలున్న టీచర్‌కు చదివే తీరిక ఉండదు. బాబుకు ఏది ఇష్టం, ఏది పడదు, ఇబ్బంది పడుతున్నాడని ఎలా గుర్తుపట్టాలి, అప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. ఇంతే. ఉదాహరణకు: "చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్తే చప్పుడు ఎక్కువైందని అర్థం. వరండాలో అయిదు నిమిషాలు కూర్చోనిస్తే తగ్గుతుంది. అప్పుడు ప్రశ్నలు అడిగితే, గట్టిగా పట్టుకుంటే పెరుగుతుంది. కళ్లలోకి చూడకపోయినా వింటాడు." ఆ కాగితం చేతికిస్తూ రెండు నిమిషాలు మాట్లాడండి. ఫిర్యాదులా కాకుండా, మీ బిడ్డను వాళ్ల చేతుల్లో పెడుతున్నట్టు మాట్లాడండి.

ఇక మొదటి వారం. "నెల ఆగి తీసుకురండి" అన్న సలహా మళ్లీ వస్తే ఒప్పుకోకండి. నెల తర్వాత వెళ్తే మిగతా పిల్లలంతా కుదురుకుని ఉంటారు, బాబొక్కడే కొత్త. దాని బదులు రోజూ వస్తాడు, కొద్దిసేపే ఉంటాడు అని అడగండి. మూడు రోజులు ఇంటర్వెల్ దాకా, తర్వాత మూడు రోజులు భోజనం దాకా, ఆ పైన పూర్తి రోజు. ఆ భోజనం దాకా ఉన్న రోజులు బాబు ఎరిగిన ఒంటిపూట బడిలాంటివే, అక్కడి నుంచి సాయంత్రానికి పొడిగించడం తేలిక. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఏడ్చినందుకు ఇంటికి తీసుకొస్తే, ఏడిస్తే ఇంటికి వెళ్లొచ్చని నేర్చుకుంటాడు. కాబట్టి ఇంటికొచ్చే వేళ ఏడుపును బట్టి కాకుండా ముందే అనుకున్న గంటను బట్టి ఉండాలి. అది తట్టుకోగలిగినంత చిన్నదిగా పెట్టాలి. ఇంటర్వెల్ దాకా కష్టమనిపిస్తే ముప్పావుగంటతో మొదలుపెట్టినా తప్పులేదు. మరీ తట్టుకోలేని రోజు వస్తే మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి బిడ్డను ఇంటికి తెచ్చుకోండి, మర్నాడు ఇంకా తక్కువ సమయంతో పంపండి. గేటు దగ్గర అందుకునే మనిషి రోజూ ఒక్కరే ఉండాలి. ప్రేయర్ మైకు మరీ ఇబ్బందైతే మొదటి రెండు వారాలు ప్రేయర్ అయ్యాక నేరుగా గదికి పంపమనండి. మీరు వదిలేటప్పుడు ముద్దు పెట్టి, పుస్తకంలో రాసిన మాటే చెప్పి వచ్చేయండి. చెప్పకుండా జారుకోవద్దు.

స్కూల్ ఒప్పుకోకపోతే? మొదట చట్టం తీయకండి, కానీ మీకు తెలిసి ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్ల అవసరాలకు తగిన ఏర్పాట్లు చెయ్యాలి అని ఆ చట్టం చెబుతోంది. పిల్లవాణ్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ (సదరం అంటుంటారు), దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఇంకా లేకపోతే ఈ ఏడు తీసుకోండి. పై తరగతుల్లో పరీక్షల వెసులుబాట్లకు అవి కావాలి. సలహాకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అనే పేరుతో గుర్తుపడతారు. ఎప్పుడైనా ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉండే భవిత కేంద్రాల గురించి కనుక్కోండి.

సాయంత్రాల గురించి మీరు అడగలేదు, కానీ మిమ్మల్ని ఎక్కువ ఏడిపించేది అదే. బడిలో బుద్ధిగా ఉన్నాడని టీచర్ చెబుతుంది, ఇంటి గడప దాటగానే బ్యాగు విసిరి కింద పడి దొర్లుతాడు. అది మొండితనం కాదమ్మా. రోజంతా బిగబట్టుకున్నదంతా మీ దగ్గర వదులుతున్నాడు. మీ దగ్గరే ఎందుకంటే, అక్కడ భయం లేదు కాబట్టి. వచ్చాక అరగంట, ముప్పావుగంట ఏమీ అడగకండి. "ఏం చెప్పారు, ఏం తిన్నావ్, ఎవరైనా కొట్టారా" ఏవీ వద్దు. యూనిఫాం విప్పి, పాత మెత్తటి బట్టలేసి, లైటు తగ్గించి, ఇష్టమైన మూలలో వదిలెయ్యండి. మొదటి రెండు వారాలు సాయంత్రం థెరపీ, ట్యూషన్ తగ్గించమని మాట్లాడుకోండి. అత్తమ్మగారి సాయం ఇక్కడ కావాలి. బడి మాన్పించాలన్న ఆవిడ జాలిని ఆ ముప్పావుగంటకు మళ్లించండి. మనవడి పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం నానమ్మ కంటే బాగా ఎవరికొస్తుంది? మీవారికేమో పొద్దున గేటు దగ్గర దింపే పని ఇవ్వండి. ఎత్తుకెళ్లకుండా, చెయ్యి పట్టుకుని. పోయినేడు ఆ గేటు దగ్గర మీరొక్కరే నిలబడి ఉంటారని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

ఒక నోట్‌బుక్కులో రోజుకు రెండు ముక్కలు రాయండి: ఎన్నింటికి పడుకున్నాడు, గేటు దగ్గర ఎంతసేపు ఏడ్చాడు. అయిదో రోజు ఏమీ మారలేదనిపిస్తుంది. పుస్తకం తీసి చూస్తే ఇరవై నిమిషాలది పన్నెండుకు వచ్చి ఉండొచ్చు. వారం దాటినా వాంతులు ఆగకపోతే, చెయ్యి పుండు పడేలా కొరుక్కుంటే, తిండి నిద్ర రెండూ పోతే డాక్టర్‌కు, థెరపిస్టుకు వెంటనే చూపించండి.

ఇంకొకటి క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టుకోండి. బాబు కుదురుకున్నాడని మీరు ఊపిరి పీల్చుకునే వేళకు ఆషాఢం వస్తుంది. గోల్కొండలో మొదలై, ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజ మీదుగా వాడవాడకూ బోనాలు. మీ కాలనీ గుడి దగ్గరా డప్పులు, డీజే, రాత్రి పొద్దుపోయేదాకా మైకు ఉంటాయి. నడుమ ఒక సోమవారం సెలవు కూడా వస్తుంది. ఆ ఆదివారం రాత్రి నిద్ర ఉండదు, మంగళవారం పొద్దున గేటు దగ్గర మళ్లీ జూన్ 12లా ఉంటుంది. ఆ సెలవు రోజు మీద ఇల్లు బొమ్మ ముందే అతికించండి, చెవులకు పెట్టే హెడ్‌ఫోన్స్ ఒక జత దగ్గర ఉంచుకోండి, గుడికి దూరంగా ఉన్న గదిలో పక్క వెయ్యండి. మంగళవారం మాత్రం ఇంటర్వెల్ దాకా ఉంచుతామని టీచర్ గారికి శనివారమే చెప్పండి.